షిఫ్ట్, ఎనిమిది, వెనక్కి, చుక్క

1984 వేసవిలో ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్నాను. ఫలితాలు వచ్చేదాకా ఊరికే ఉండటం ఎందుకని నాన్న నన్ను విశాఖలో డాబాగార్డెన్స్ దగ్గర ఒక సందులో, మేడ మీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. పొద్దున్న ఆరు నుంచి ఏడు వరకు నా బ్యాచ్. వన్‌టౌన్‌లో మా ఇంటి నుంచి బయల్దేరేసరికి హార్బరు వైపు నుంచి ఉప్పుగాలి, చేపల వాసన కలిసి వీచేవి. ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కుతుండగానే చప్పుడు చెవిన పడేది. పాతిక మిషన్లు ఒకేసారి కొడుతుంటే రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతున్నట్టుండేది.

నాకిచ్చింది పాత రెమింగ్టన్. దానికి ఒకటి అంకె లేదు. ఇంగ్లీషు చిన్న ‘ఎల్’ అక్షరాన్నే ఒకటిగా వాడుకోవాలి. రెండు వారాల పాటు ఏ ఎస్ డీ ఎఫ్ అంటూ వేళ్ళ కొనలు ఎర్రబడేలా కొట్టాక వాక్యాలు కొట్టే పాఠానికి వచ్చాను. ఒక వాక్యం చివర ఆశ్చర్యార్థకం ఉంది. కీలన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

“సార్, ఈ మిషన్‌లో ఆశ్చర్యార్థకం లేదండీ” అన్నాను.

“ఉండదమ్మా. మనమే చేసుకోవాలి” అన్నారు మాస్టారు. చేతిలో ఉన్న చెక్క స్కేలుతో కీబోర్డు పై వరస చూపించారు. “షిఫ్ట్ పట్టుకుని ఎనిమిది కొట్టు.”

కొట్టాను. కాగితం మీద, అక్షరాల నెత్తి దగ్గర, చిన్న నిలువు గీత పడింది. కింద ఆధారం లేకుండా గాలిలో ఆగిపోయినట్టుంది.

“ఇప్పుడు వెనక్కి ఒక్క అడుగు.” బ్యాక్‌స్పేస్ నొక్కాను. క్యారేజీ కటకమని వెనక్కి జరిగింది. “ఇప్పుడు చుక్క.”

గీత కింద చుక్క పడింది. మధ్యలో కొంచెం ఖాళీ. అయినా అది ఆశ్చర్యార్థకమే. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ పేజీ మిగతా భాగమంతా అదే కొట్టాను. షిఫ్ట్, ఎనిమిది, వెనక్కి, చుక్క. షిఫ్ట్, ఎనిమిది, వెనక్కి, చుక్క. ఇప్పటికీ ఎవరైనా ఎనిమిది అంటే నా కుడిచేతి నడిమి వేలు తనంతట తానే కదులుతుంది.

“ఆ పై గీత పేరేమిటి సార్?” అని అడిగాను.

“అపాస్ట్రఫీ. మేం పైకామా అంటాం. దాని పని అది కాదు, దాని పని వేరే ఉంది. మీ నాన్నగారిని అడుగు, ఆయనకు దానితోనే బతుకు” అన్నారు.

మాస్టారికి నాన్న బాగా తెలుసు. నాన్న హార్బరు దగ్గర ఓడల ఏజెంట్ల ఆఫీసులో టైపిస్టు. రోజూ ఆయన చేతి మీదుగా వెళ్ళే కాగితాల్లో ముఖ్యమైనది మేట్స్ రిసీట్. ఓడలోకి సరుకు ఎక్కించాక, ఇంత సరుకు, ఈ స్థితిలో అందిందని ఓడ అధికారి సంతకం పెట్టి ఇచ్చే రసీదు అది. ఆ అధికారిని మేట్ అంటారు. ఆ రసీదు చూపిస్తేనే బిల్ ఆఫ్ లేడింగ్ అనే సరుకు రవాణా పత్రం చేతికొస్తుంది. ఆ కాగితం పేరులోనే పైకామా ఉంది. మేట్‌కీ ఎస్‌కీ మధ్య.

ఆ సాయంత్రం నాన్న డాబా మీద మడతమంచం వాల్చుకుని కూర్చుని ఉంటే వెళ్ళి అడిగాను. ఆయన అగ్గిపుల్ల తీసి డాబా గచ్చు మీద బొగ్గుతో గీసినట్టు గీస్తూ చెప్పారు. “ఓనర్ అని రాసి, పైకామా పెట్టి, ఎస్ కొడితే ఒక్క యజమానిది. ఎస్ కొట్టిన తరవాత పైకామా పెడితే పదిమంది యజమానులది. గుర్తు ముందుంటే ఒక్కరు, వెనకుంటే అందరూ. ఓడకు ఒక్కోసారి నలుగురు యజమానులుంటారు. గుర్తు ఒక్క గడి పక్కకు పడిందంటే ముగ్గురిని చంపేసినట్టే.”

గుర్తు ముందుంటే ఒక్కరు, వెనకుంటే అందరూ. ఏ వ్యాకరణ పుస్తకమూ నాకు ఇంత తేలిగ్గా చెప్పలేదు.

మాస్టారు ఇంకో ముడి విప్పారు. ఇంగ్లీషులో ‘దానిది’ అనే అర్థంలో ఇట్స్ రాసేటప్పుడు పైకామా ఉండదు. హిస్‌కి లేదు, హర్స్‌కి లేదు, దీనికీ లేదు. ఇట్, ఈజ్ అనే రెండు మాటలు ఒకటైనప్పుడు మాత్రం, ఒక అచ్చు పోయింది కాబట్టి, ఆ పోయిన చోట పైకామా పెట్టాలి. లోయర్ పరీక్షకు నిమిషానికి ముప్పై మాటలు, హయ్యర్‌కు నలభై అయిదు. ఆ వేగంలో ఈ తేడా గుర్తుండాలంటే తెలివి చాలదు, వేలికి తెలియాలి అనేవారాయన. నా వేలికి తెలిసింది. రెండూ పాసయ్యాను.

మా ఇంటి డాబా గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. అక్కడి నుంచి చూస్తే హార్బరు ముఖద్వారం, దాని అవతల సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ కనిపించేవి. బస్సుల్లో, పుస్తకాల్లో దాని పేరు డాల్ఫిన్స్ నోస్. మా నాయనమ్మకు మాత్రం అది యారాడ కొండే. చీకటి పడ్డాక దాని మీది లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ వచ్చి మా పిట్టగోడను తాకి వెళ్ళేది. టైపు నేర్చుకున్న ఆ వేసవిలోనే నేను మొదటిసారి గమనించాను, మా ఊరి కొండ పేరులో పైకామా ఉందని. ఇంగ్లీషు బోర్డు మీద డాల్ఫిన్‌కీ ఎస్‌కీ మధ్య ఉంటుంది. అదే పేరు తెలుగులో రాసేసరికి గుర్తు మాయమై, ‘స్’ ఒక్కటే మిగులుతుంది. లాసన్స్ బే కాలనీ సంగతీ అంతే. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ ‘స్’ను పట్టించుకుంటారు? అది ఎవరో లాసన్ అనే మనిషిది అని చెప్పే అక్షరం. మనిషి వెళ్ళిపోయాడు, గుర్తు వెళ్ళిపోయింది, అక్షరం మాత్రం బస్సు బోర్డుల మీద తిరుగుతూనే ఉంది. అమెరికాలో ఊళ్ళ, కొండల పేర్లను ఖరారు చేసే ప్రభుత్వ మండలి 1890లో ఏర్పడింది. అది మొదటి నుంచీ అలాంటి పేర్లలో ఈ గుర్తును ఒప్పుకోదు. ఇన్నేళ్ళలో అయిదు పేర్లకే మినహాయింపు ఇచ్చింది. మన డాల్ఫిన్స్ నోస్ అక్కడుంటే దాని గుర్తు ఏనాడో ఊడిపోయేది. ఇక్కడున్నందుకు నాకు సంతోషం.

ఇప్పుడు నాయనమ్మ సంగతి.

1985 సంక్రాంతి వెళ్ళిన వారం అనుకుంటాను. మా ఇల్లు తాతయ్య కట్టించింది. ముందు వసారా, మధ్యలో పెంకుల కప్పు, వెనక నుయ్యి, ఒక పక్క తరవాత వేసిన డాబా. పెదనాన్న, నాన్న, బాబాయి ముగ్గురి కుటుంబాలూ అందులోనే. బాబాయికి ఊరి చివర స్థలం దొరికింది, డబ్బు కావాలి. ఇల్లు పంచుకుందామన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరికి మా బంధువుల్లో ఒక పెద్దమనిషిని పిలిపించారు. ఆయన వసారాలో పడక్కుర్చీలో కూర్చున్నారు. అన్నదమ్ములు ముగ్గురూ మూడు స్తంభాల దగ్గర మూడు దిక్కులు చూస్తూ నిలబడ్డారు. ఆడవాళ్ళం గుమ్మం లోపల ఉన్నాం. నాయనమ్మ ఒక్కతే వసారాలో గోడకు ఆనుకుని, కింద కూర్చుని ఉంది.

పెద్దమనిషి ఒక్కొక్కరినీ అడిగారు. ఎవరి లెక్క వాళ్ళు చెప్పారు. నుయ్యి ఎవరి వాటాలోకి వస్తుందన్న దగ్గర గొంతులు లేచాయి. అప్పుడాయన నాయనమ్మ వైపు తిరిగి, “అమ్మా, నువ్వేమంటావు? నీ మాట కూడా చెప్పు” అన్నారు.

నాయనమ్మ ఆయనకు జవాబు చెప్పలేదు. లేచి, పైట భుజం నిండా కప్పుకుని, వెనక్కి తిరిగింది. వెనక గోడకు తాతయ్య ఫోటో ఉంది. పండక్కి వేసిన బంతిపూల దండ అప్పటికి ఎండిపోయి గోధుమరంగుకు వచ్చింది.

“ఏమండీ!” అంది. “వింటున్నారా? ఆ నుయ్యి ఎవరిదని అడుగుతున్నారు. మీరు ఆ నూతి గట్టు మీద నిలబడి ముగ్గురికీ ఒకే చెంబుతో నీళ్ళు పోసేవారు కదా. ఆ చెంబును ఎన్ని ముక్కలు చేయమంటారో మీరే చెప్పండి. వీళ్ళకు నేను చెప్పలేను.”

వసారాలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆమె ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ బతిమాలలేదు. అసలు అక్కడున్న వాళ్ళెవరితోనూ మాట్లాడలేదు. అందుకే ఆ మాట అందరికీ తగిలింది. పెదనాన్న ముందు స్తంభం వదిలి కింద కూర్చున్నారు. బాబాయి కళ్ళు తుడుచుకోవడం గుమ్మంలోంచి నేను చూశాను. పెద్దమనిషి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, “ఇక నాకిక్కడ పనిలేదు” అని లేచారు. ఇల్లు పంచుకోలేదు. బాబాయికి కావలసిన డబ్బు అన్నలిద్దరూ తలా కొంత సర్దారు.

ఆమె తాతయ్యను పేరు పెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. ఆ తరంలో భర్త పేరు పలకరు. రేషన్ కార్డు రాయడానికి వచ్చినవాడు ఇంటి యజమాని పేరు అడిగితే కూడా మా వైపు చూసి, “మీరు చెప్పండర్రా” అనేది. ఏమండీ అన్న ఒక్క పిలుపులో ఆయన పేరు, ఆయన మీది గౌరవం, నలభై ఏళ్ళ కాపురం అన్నీ ఇమిడిపోయేవి. పేరు ఉండవలసిన చోట పేరు లేదు. అక్కడ ఒక పిలుపు ఉంది.

ఈ రెంటినీ, అంటే నాన్న టైపు మిషన్ మీది గీతనూ నాయనమ్మ పిలుపునూ, ఒక్కచోట చూడగలనని నాకప్పుడు తెలియదు. అది తెలిసింది 1988లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నప్పుడు. ఆ రోజు అలంకారాల పాఠం. కిటికీల్లోంచి సముద్రపు గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే పుస్తకాల కింద అణిచిపెట్టుకుని వింటున్నాం. మా మేడమ్ నల్లబల్ల మీద అపాస్ట్రఫీ అని రాశారు. నేను పైకామా గురించి చెబుతారనుకున్నాను.

ఆమె చెప్పింది వేరు. గ్రీకులో ఆ మాటకు పక్కకు తిరగడం అని అర్థం. న్యాయస్థానంలో వాదించే వక్త న్యాయనిర్ణేతలతో మాట్లాడుతూ మాట్లాడుతూ, ఉన్నట్టుండి వాళ్ళ నుంచి ముఖం తిప్పుకుని మరెవరినో పిలుస్తాడు. ప్రత్యర్థిని పిలవవచ్చు, అక్కడ లేనివాణ్ణి పిలవవచ్చు, చనిపోయినవాణ్ణి పిలవవచ్చు, దేశాన్నో కొండనో పిలవవచ్చు. ఆ తిరగడమే అపాస్ట్రఫీ. ఒకటో శతాబ్దంలో రోములో అలంకారశాస్త్రం బోధించిన క్వింటిలియన్ కూడా దీన్ని న్యాయనిర్ణేత నుంచి మళ్ళించిన మాట అనే వివరించాడు.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పడక్కుర్చీలో పెద్దమనిషి, వెనక్కి తిరిగిన నాయనమ్మ, ఎండిపోయిన బంతిపూల దండ. ఆమె బడికి వెళ్ళింది రెండో తరగతి వరకే. రోములో పాఠం చెప్పిన పద్ధతి ఆమెకు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పనక్కర్లేదు. మన ఇళ్ళలో మనిషి పోయినప్పుడు ఆడవాళ్ళు పెట్టే శోకాలు వినండి. “నన్ను ఎవరికి అప్పగించి వెళ్ళావు నాయనా” అని పోయినవాణ్ణే అడుగుతారు. చుట్టూ ఉన్న వందమందితో కాదు.

మరి అదే పేరు గీతకెందుకొచ్చిందని అడిగాను. గీత కూడా తిరగడమేనట. ఒక అచ్చు పలకకుండా పక్కకు తప్పుకున్న చోట గ్రీకులు ఆ గుర్తు పెట్టారు. తప్పుకున్న ధ్వనికి గుర్తు. 16వ శతాబ్దంలో ఇటలీ, ఫ్రాన్స్ అచ్చుశాలల్లో అది వాడుకలోకి వచ్చింది, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి చేరింది. ఇంకో మాట చెప్పారు మేడమ్. ఇది ఎవరిది అని చెప్పడానికి ఇంగ్లీషులో ఎస్ ముందు పెట్టే గుర్తు కూడా మొదట లోపానికి గుర్తే. పాత ఇంగ్లీషులో అక్కడ ‘ఎస్’ ముందు ‘ఈ’ (e) అనే అక్షరం ఉండేది. పలకడం మానేశారు. అక్షరం పోయింది. పోయిన చోట గీత మిగిలింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్నకు చెప్పాను. ఆయన ఆఫీసు చొక్కా విప్పుతున్నవారు ఆగిపోయారు. “అంటే సొంతం అని చెప్పే గుర్తు, పోయినదానికి పెట్టిన గుర్తా?” అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “ముప్పై ఏళ్ళుగా కొడుతున్నాను. చేతిలో ఏముందో నాకే తెలియదు” అన్నారు.

నాకు ఆ రోజు నుంచి మన భాషలో కూడా ఇలాంటిది వెతకడం అలవాటైంది. మన సంధుల్లో అచ్చు పోయిన చోట ఏ గుర్తూ పెట్టం. రాముడు, ఎక్కడ అనే రెండు మాటలు కలిస్తే రాముడెక్కడ అవుతుంది. ఉకారం పోయింది. దాని చోటులో పక్కది వచ్చి కూర్చుంది, ఖాళీ కనిపించదు. సంస్కృతం రాసేటప్పుడు మాత్రం ఒక గుర్తు పెడతాం. శివోఽహమ్ అన్నప్పుడు నడుమ, ఇంగ్లీషు ఎస్‌ను పోలిన ఆ వంకర గీత, అవగ్రహం. అహమ్‌లోని అకారం అక్కడ పోయింది, అదిగో దాని చోటు అని చూపిస్తుంది. పైకామాకు ఇంతకంటే దగ్గరి చుట్టం నాకు కనిపించలేదు.

ఇంకోటి అరసున్న. ఇప్పుడు ఎవరూ రాయడం లేదు. మా హైస్కూల్లో తెలుగు చెప్పిన పంతులమ్మగారు మాత్రం నల్లబల్ల మీద వదలకుండా రాసేవారు. ఒకప్పుడు నిండు సున్నగా పలికిన ధ్వని అరిగి సగమైంది, తరవాత ఆ సగమూ నోటికి అందకుండా పోయింది, రాతలో మాత్రం గుర్తుగా ఉండిపోయింది అని చెప్పేవారు. పోతన భాగవతంలో కృష్ణుడు కనిపించక గోపికలు పొదల్లో వెతికే పద్యం ఆమె పాడితే తరగతి మొత్తం కదలకుండా వినేది. చివరి పాదం, “మల్లియలార మీ పొదలమాటున లేఁడు గదమ్మ చెప్పరే.” ఆమె ‘లేఁడు’లో అరసున్న పెట్టి, సుద్దముక్కతో దాని చుట్టూ వలయం గీశారు. అప్పుడు అది మార్కుల కోసమని రాసుకున్నాను. ఎం.ఏ.లో ఆ పాఠం విన్న రాత్రి మంచం మీద పడుకుని ఆ పాదం తలుచుకుంటే నిద్ర పట్టలేదు. గోపికలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి, పక్కకు తిరిగి, మల్లెతీగలను అడుగుతున్నారు. అడిగేది లేనివాడి గురించి. ఆ లేఁడు అన్న మాట నడుమ, లేని ధ్వనికి పెట్టిన అరవృత్తం. గీత పనీ పిలుపు పనీ ఒకే పాదంలో జరిగిపోయాయి.

మన శతకాలన్నీ ఈ పిలుపు మీదే నిలబడ్డాయని వేరే చెప్పాలా? వేమా అనో, సుమతీ అనో, శ్రీకాళహస్తీశ్వరా అనో ప్రతి పద్యం చివర ముఖం అటు తిప్పవలసిందే. మా ఊరికి సొంతంగా ఒకటుంది, గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం. దాని మకుటం “వైరిహరరంహ! సింహాద్రి నారసింహ!” తురుష్కసేన సింహాచలం మీదికి వచ్చినప్పుడు కవి స్వామినే నిలదీసి, ఇంకా ఊరుకున్నావేమని సీసపద్యాలు చెప్పాడని, అప్పుడు తుమ్మెదల దండు లేచి సేనను తరిమిందని పెద్దలు చెప్పుకునే కథ. శత్రువు గుమ్మంలో ఉంటే కవి శత్రువుతో మాట్లాడలేదు. అటు తిరిగాడు.

నాయనమ్మ ఏడాదికోసారి సింహాచలం వెళ్ళేది. గుడిలో కప్పస్తంభం దగ్గర అందరూ దాన్ని కౌగిలించుకుని మనసులో కోరిక చెప్పుకుంటారు. నాయనమ్మ పైకే చెప్పేది. స్తంభానికి చెంప ఆనించి, “అప్పన్నా! చిన్నదానికి ఉద్యోగం రావాలి, నువ్వే చూడు” అని, పక్కింటి మనిషికి పని అప్పజెప్పినట్టు. వెనక నిలబడ్డవాళ్ళు తొందరపెట్టినా వినేది కాదు. 1991లో ఆమె పోయింది. పోయేముందు రోజు కూడా గోడ వైపు తిరిగి ఏదో చెబుతూ ఉంది. ఏమండీ అన్న మాట ఒక్కటే మాకు తెలిసింది.

తరవాతి సంవత్సరాలు త్వరగా గడిచాయి. నాకు ఉద్యోగం, పెళ్ళి, వేరే ఊరు. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. నాన్న ఆఫీసువాళ్ళు పాత మిషన్లు అమ్మేస్తుంటే ఆయన తను వాడిన గోద్రెజ్‌ను కొనుక్కుని రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నారు. అది వసారాలో తాతయ్య ఫోటో కింద బల్ల మీదికి చేరింది. పెదనాన్న పోయారు. కొన్నేళ్ళకు బాబాయి పోయాడు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. నేను నాలుగో రోజున చేరుకోగలిగాను. చెట్లు లేని ఊరిని మొదటిసారి చూశాను. కొండలు పచ్చదనం పోయి, కాల్చినట్టు గోధుమరంగులో ఉన్నాయి. మా పెంకుల కప్పు సగం ఎగిరిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. వీధిలో ఉన్న కంప్యూటర్లు, ప్రింటర్లు ఏవీ పనికిరావు. జరిగిన నష్టం రాసి ఇవ్వమని ఆఫీసులవాళ్ళు అంటున్నారట. నేను వెళ్ళేసరికి వసారాలో నలుగురైదుగురు వరసగా నిలబడి ఉన్నారు. నాన్న కిరోసిన్ దీపం పక్కన పెట్టుకుని, గోద్రెజ్ ముందు కూర్చుని, వీధివాళ్ళందరి బీమా కాగితాలు, అర్జీలు టైపు చేసి పెడుతున్నారు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. వేళ్ళు మాత్రం తడబడటం లేదు.

రాత్రి అందరూ వెళ్ళాక మా ఇంటి అర్జీ కొట్టారు. నేను దీపం ఎత్తి పట్టుకున్నాను. ఇంగ్లీషులో ఓనర్స్ అన్న మాట దగ్గర ఆయన వేళ్ళు ఎటు వెళతాయో చూస్తున్నాను. ఎస్ కొట్టారు. తరవాత షిఫ్ట్ పట్టుకుని ఎనిమిది.

“నాన్నా, గుర్తు వెనక పెట్టారు” అన్నాను.

“వెనకే కదా పెట్టాలి. ముగ్గురిది” అన్నారు.

“పెదనాన్న, బాబాయి లేరు కదా నాన్నా.”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “లేకపోతే?” అన్నారు. “వాళ్ళది కాకుండా పోతుందా?” మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని తరవాతి మాట కొట్టడం మొదలుపెట్టారు. ఆ కాగితం కార్బన్ నకలు నా దగ్గర ఉంది. గుర్తు కొట్టిన చోట కార్బన్ కాస్త గాఢంగా పడింది.

నాన్న 2017లో పోయారు. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటానంది. పెదనాన్న కొడుకు కుటుంబం పక్క వాటాలో ఉంది కాబట్టి నాకు ధైర్యం. తాతయ్య ఫోటో పక్కన నాన్న ఫోటో పెట్టాం.

మొన్న వేసవిలో నా కూతురితో కలిసి వెళ్ళాను. దానికి ఫోనులో ఆశ్చర్యార్థకం ఒక్క వేలి పని, వరసగా అయిదారు పెడుతుంది. ఒక మధ్యాహ్నం గోద్రెజ్ మీది గుడ్డ తీసి, “అమ్మా, ఇందులో ఆశ్చర్యార్థకం ఏదీ?” అని అడిగింది. నలభై ఏళ్ళ కిందట నేను అడిగిన మాటే, అదే గొంతుతో. కాగితం పెట్టి చూపించాను. రిబ్బను ఎండిపోయింది. అయినా సన్నగా, బూడిదరంగులో అక్షరం పడుతూనే ఉంది. షిఫ్ట్, ఎనిమిది, అన్నాను. గీత పడింది. వెనక్కి. చుక్క. దాని ముఖం వెలిగిపోయింది. “ఇది భలే ఉందమ్మా, గాలిలో ఉన్నదాన్ని నేల మీద నిలబెట్టినట్టుంది” అంది. ఇంకో వరస నిండా కొడతానంది. కొట్టింది. కుడి అంచు దగ్గరికి వచ్చేసరికి గంట మోగింది, టింగ్ అని.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. “ఏమండీ! కాఫీ కలిపేశాను, ఆ పేజీ అయ్యాక తాగుదురుగాని.”

నా కూతురు నా వైపు చూసింది. నేను మాట్లాడవద్దని చెయ్యి ఊపి, “ఊఁ” అన్నాను.

అమ్మ గ్లాసు తెచ్చి మిషన్‌కు కాస్త ముందుగా, కుడిపక్కన, క్యారేజీ తగలని చోట పెట్టింది. ఆ బల్ల మీద అక్కడ గుండ్రటి మరక ఎప్పటి నుంచో ఉంది. గ్లాసు సరిగ్గా దాని మీద కూర్చుంది.